తర్వాత మార్చలేనిది ముందు చూడండి

రెండేళ్ల కిందట ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయిన వారానికి మా బావమరిది కూతురు ఖమ్మం నుంచి మా ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో కంప్యూటర్ సైన్స్ సీటు, హాస్టల్‌లో మంచం, రెండూ ఖాయమయ్యాయి. మిగిలింది ల్యాప్‌టాప్. దానికోసం రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి వెంట తెచ్చుకుంది. అందులో పద్నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక్కోదానికి ఒక పేజీ. ధర ఎర్ర పెన్నుతో, ర్యామ్ ఆకుపచ్చ పెన్నుతో, పక్కన తను వేసిన మార్కులు. ఇంటర్‌లో రికార్డు కూడా ఇంత శుభ్రంగా రాసి ఉండదు.

"ఈ పద్నాలుగులో ఏది మంచిదో చెప్పండి మామయ్యా" అంది.

నేను నోట్‌బుక్ చివరి పేజీ తిప్పి, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా దీంతో ఏమేం చేస్తావో ఇక్కడ రాయమన్నాను. పిల్ల మొహం చిన్నబోయింది. పద్నాలుగు పేజీలు చకచకా నింపిన మనిషికి ఆ ఒక్క పేజీ నింపడానికి గంట పట్టింది.

రాసింది ఇదీ. రోజూ క్లాసుకు మోసుకెళ్లాలి, క్లాసులు మూడో అంతస్తులో. లైబ్రరీలో ప్లగ్గులు తక్కువని సీనియర్లు చెప్పారు. మొదటి ఏడు సీ, పైథాన్. ఆ తర్వాత ఆండ్రాయిడ్ స్టూడియో. రాత్రి సినిమాలు. ఇంటికి వీడియో కాల్. చివర్లో 'గేమ్స్' అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. గేమ్స్ తనకు కాదు, సెలవులకు ఇంటికెళ్తే తమ్ముడు లాక్కుంటాడు, అదీ సంగతి.

ఆ పేజీ పూర్తయ్యాక పద్నాలుగులో తొమ్మిది వాటంతటవే ఎగిరిపోయాయి. నాలుగు గేమింగ్ ల్యాప్‌టాప్‌లు, బరువు వల్ల. మూడు 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించినవి, పెంచే దారి లేనివి. రెండింటికి స్క్రీన్ మరీ నాసి. ఒకదాన్ని ఇంకొకదాంతో పోల్చినంతసేపూ పద్నాలుగూ బాగానే కనిపించాయి. ఆ పేజీతో పోల్చేసరికి ఐదు మిగిలాయి.

ఇల్లు కొనేవాడు గోడ రంగు చూసి బయానా ఇవ్వడు. బోరులో నీళ్లు పడతాయా, గాలి ఏ వైపు నుంచి వస్తుంది, వీధి ఎంత వెడల్పు అని చూస్తాడు. రంగు రేపు మార్చుకోవచ్చు, వీధిని వెడల్పు చేయలేడు. ల్యాప్‌టాప్‌లోనూ వీధి లాంటివి కొన్ని, రంగు లాంటివి కొన్ని ఉంటాయి. స్క్రీన్, కీబోర్డు, బరువు, ప్రాసెసర్, బోర్డుకు అతికించిన ర్యామ్ మార్చుకోలేనివి. ఎస్‌ఎస్‌డీ, స్లాట్‌లో గుచ్చే ర్యామ్ మార్చుకోగలిగినవి. కొంత ఖర్చుతో బ్యాటరీ కూడా. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మొదటి రకానికి ఎక్కువ పెట్టాలి, రెండో రకానికి తర్వాత పెట్టుకోవచ్చు. షాపుల్లో బోర్డుల మీద పెద్దక్షరాల్లో ఉండేది మాత్రం ఎక్కువగా రెండో రకమే.

నాకిది పుస్తకాల్లో దొరికిన తెలివి కాదు. 2014లో కోర్ ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోయి ఒకటి కొన్నాను. ఐ7 4500యూ. కొన్న ఆర్నెల్లకు తెలిసింది, అందులో ఉన్నవి రెండే కోర్లని, అదే కాలంలో చౌకగా దొరికిన ఐ5 4200యూలో కూడా రెండే ఉన్నాయని. స్పీడు కొంచెం ఎక్కువ, అంతే. ఆ స్టిక్కర్‌కు కట్టిన అదనపు డబ్బు స్క్రీన్‌లోంచి కోసుకుని ఉంటారు. 15.6 అంగుళాల మీద 1366×768 చుక్కలు, పక్కకు వంగి చూస్తే ఫొటో నెగెటివ్‌లా కనిపించే ప్యానెల్. తర్వాత హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ పెంచాను, బండి పరుగెత్తింది. స్క్రీన్ మాత్రం అలాగే ఉండిపోయింది. తెలుగు ప్రూఫులు దిద్దే వృత్తిలో ఉండి ఆరేళ్లు దాన్ని భరించాను. కళ్లద్దాల నంబరు రెండుసార్లు మారింది. అది వయసు పనే కావచ్చు. నేను మాత్రం ఇప్పటికీ ఆ స్క్రీన్‌నే తిట్టుకుంటాను.

స్క్రీన్‌కు తెలుగు పరీక్ష

షాపులో డెమో ల్యాప్‌టాప్ మీద ఏం నడుస్తుంటుందో గమనించారా? నల్లటి నేపథ్యం మీద రంగురంగుల చేపలు, రామచిలుకలు, పూలు. వెలుతురు నూటికి నూరు పెట్టి ఉంటుంది. అలా చూపిస్తే ఏ స్క్రీనైనా అందంగానే ఉంటుంది. దాన్ని ఆపించి, ఖాళీ నోట్‌ప్యాడ్ తెరిచి స్క్రీన్ నిండా పెట్టమనండి. తెల్లటి కాగితంలా ఉండాలి. మూలల్లో పసుపు, అంచుల్లో మసక కనిపిస్తే అక్కడే తెలిసిపోతుంది. తర్వాత మూతను వెనక్కి, ముందుకు వంచి చూడండి. పైనుంచి చూసినా కిందినుంచి చూసినా రంగులు నిలబడితే అది ఐపీఎస్ రకం. తలకిందులైతే టీఎన్. 'ఎల్‌ఈడీ స్క్రీన్' అని చెబితే దాన్ని బట్టి ఏమీ తేలదు, అది వెనక వెలిగే దీపం పేరు.

అసలు పరీక్ష ఆ తర్వాత. ఫోన్ హాట్‌స్పాట్ కలిపి ఏదైనా తెలుగు దినపత్రిక ఈ-పేపర్ తెరవండి. పేజీ మొత్తం కనిపించేలా పెట్టి, మెల్లగా పెద్దది చేస్తూ వెళ్లండి. 'స్వాతంత్ర్యం', 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మాటల దగ్గర ఆగండి. ఇంగ్లిష్ అక్షరం ఒంటి అంతస్తు ఇల్లు. మనది మేడ మీద మేడ. పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద ఒత్తు, ఆ ఒత్తు పక్కన ఇంకో ఒత్తు. ఇవన్నీ అదే ఎత్తులో ఇరుక్కోవాలి. చుక్కలు తక్కువున్న స్క్రీన్ మీద కింది ఒత్తు సిరామరకలా అయిపోతుంది. ద, ధ, థ మధ్య తేడా ఎంత? ఒక చిన్న గీత, ఒక చుక్క. అది కనపడకే నేను 'విధి'ని 'విది'గా వదిలేసి తిట్లు తిన్నాను. ఇంగ్లిష్ సమీక్షల్లో ఈ స్క్రీన్ చదవడానికి చాలునని రాస్తే, వాళ్లు చదివేదానికి చాలుననే అర్థం.

లెక్క కావాలంటే చూడండి. 15.6 అంగుళాల మీద 1366×768 అంటే అంగుళానికి 100 చుక్కలు. అదే సైజు మీద 1920×1080 అయితే 141. 14 అంగుళాల మీద 1920×1200 అయితే 162 దాకా వస్తాయి. తెలుగు చదవడం, రాయడం రోజువారీ పని అయితే మొదటిదాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దని నా సలహా.

ఇక సైజు. పెద్ద స్క్రీన్ కావాలి, 15.6 కంటే తక్కువ వద్దు అని పట్టుబట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను. అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచేవి. మనం చదివేది పైనుంచి కిందికి. 16:9 ఆకారంలో ఉన్న 15.6 అంగుళాల స్క్రీన్ ఎత్తు సుమారు 19.4 సెంటీమీటర్లు. 16:10 ఆకారంలో ఉన్న 14 అంగుళాల స్క్రీన్ ఎత్తు 18.8 పైచిలుకు. తేడా అర సెంటీమీటరు చిల్లర. అంటే డాక్యుమెంటులో, కోడ్‌లో, వెబ్ పేజీలో కనిపించే వరుసలకు పెద్ద తేడా ఉండదు, బరువు మాత్రం తగ్గుతుంది. రెండు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని పనిచేసే అకౌంటెంటుకు వెడల్పు కావాలి. ఆయనకు 15.6 తీసుకోమనే చెబుతాను. పైగా పెద్దవాటికి పక్కన అంకెల కీప్యాడ్ ఉంటుంది. ట్యాలీలో రోజంతా అంకెలు కొట్టేవాడికి అది లేకపోతే చేయి విరిగినట్టే.

వెలుతురును నిట్స్‌లో కొలుస్తారు. చౌక వాటిలో 250 ఉంటుంది. ట్యూబులైటు కింద, తలుపు మూసిన గదిలో సరిపోతుంది. కిటికీ పక్కన, కాలేజీ వరండాలో కూర్చునేవాళ్లకు 300, వీలైతే 400 కావాలి. ఈ అంకె షాపు బోర్డు మీద ఉండదు, కంపెనీ సైట్‌లో ఉంటుంది.

రంగుల దగ్గర ఒక వింత ఉంది. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాసి ఉంటే ఆ స్క్రీన్ రంగులు పేలవం అని అర్థం. ఎన్‌టీఎస్‌సీ 1953లో అమెరికాలో కలర్ టీవీ కోసం పెట్టుకున్న కొలత. డెబ్బై ఏళ్లు దాటినా ల్యాప్‌టాప్ డబ్బా మీద ఇంకా బతికే ఉంది. ఆ కొలతలో 72 శాతం ఉంటే, ఇవాళ ఇంటర్నెట్‌లో ఫొటోలకు వాడే ఎస్‌ఆర్‌జీబీ కొలతలో దాదాపు నూరు శాతం. 45 శాతం స్క్రీన్ మీద ఎర్ర పట్టుచీర ఇటుక రంగులోకి దిగుతుంది. వాట్సాప్‌లో చీరలు అమ్ముకునేవాళ్లు, పెళ్లి ఫొటోలు దిద్దేవాళ్లు అలాంటిది కొంటే కస్టమరుతో గొడవ తప్పదు. కోడ్ రాసుకునే పిల్లకు పెద్ద నష్టం లేదు.

ఓఎల్‌ఈడీ స్క్రీన్లు ఇప్పుడు మధ్య రకం ధరల్లోకి కూడా దిగాయి. నలుపు నలుపులా, రంగులు రంగుల్లా ఉంటాయి, సినిమాకు పండగే. కానీ చాలావాటికి అద్దంలాంటి మెరుపు ఉంటుంది, వెనక ఫ్యాను తిరుగుతుంటే అందులో కనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఒకే టాస్క్‌బార్, ఒకే మెనూ ఒకేచోట నిలిచి ఉంటే దాని మరక మిగిలిపోయే అవకాశమూ ఉంది. రోజుకు పది గంటలు ఒకే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంచేవాళ్లకు నేను చెప్పను.

పేరులో ఏముంది

ప్రాసెసర్ పేర్లు పెట్టేవాళ్లు మనకు అర్థం కాకూడదనే పెడతారని నా అనుమానం. ఐ3 కంటే ఐ5, ఐ5 కంటే ఐ7 గొప్ప అని మనం కట్టుకున్న నిచ్చెన సగమే నిజం. ఐ5 1235యూ, ఐ7 1255యూ రెండింటిలోనూ కోర్లు పదే. రెండు పెద్దవి, ఎనిమిది చిన్నవి. చివర 'హెచ్' అక్షరం ఉన్న ఐ5 12500హెచ్ తీసుకుంటే పెద్ద కోర్లే నాలుగు. బరువైన పనికి ఆ ఐ5 ఈ ఐ7 కంటే ముందుంటుంది. అయితే కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. చివరి అక్షరం 'యూ' అయితే బ్యాటరీ పొదుపు, 'హెచ్' అయితే శక్తి. ముందు అంకె కంటే ఈ చివరి అక్షరం ముఖ్యం. 2023 చివరి నుంచి ఇంటెల్ 'ఐ' తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అంటూ కొత్త పేర్లు మొదలుపెట్టింది. నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికొచ్చింది.

ఏఎండీది ఇంకో తమాషా. మా బావమరిది కూతురి నోట్‌బుక్‌లో చివరికి మిగిలిన ఐదింటిలో రెండు ఢీ అంటే ఢీ అన్నాయి. ఒకటి రైజెన్ 5 7520యూ, 16 జీబీ ర్యామ్, 15.6 అంగుళాలు, 46,990 రూపాయలు. రెండోది రైజెన్ 5 7530యూ, 8 జీబీ ర్యామ్, 14 అంగుళాలు, 52,490. తను మొదటిదానికి తొమ్మిది మార్కులు వేసింది, రెండోదానికి ఆరు. రెండూ రైజెన్ 5, రెండూ ఏడు వేల వరస, పేర్లలో తేడా పది, పైగా మొదటిదానికి ర్యామ్ రెట్టింపు, ధర తక్కువ. ఎవరైనా అవే మార్కులు వేస్తారు.

ఆ నాలుగంకెల్లో మూడోది చూడాలి. ఏడు వేల వరసలో మూడో అంకె లోపలి డిజైన్ ఎప్పటిదో చెబుతుంది. 2 అంటే జెన్ 2, అది 2019లో వచ్చిన డిజైన్. 3 అంటే జెన్ 3. 4 అంటే జెన్ 4. 7520యూలో కోర్లు నాలుగు, 7530యూలో ఆరు. మొదటి అంకె చూస్తే కవలలు, మూడో అంకె చూస్తే వేరే తరాలు. మోసం అనలేం, ఆ లెక్కను కంపెనీయే బయటపెట్టింది. కానీ షాపులో నిలబడి మూడో అంకె ఎవరు చదువుతారు?

ర్యామ్ సంగతి కూడా పైకి కనిపించినట్టు లేదు. మొదటిదాంట్లో 16 జీబీ బోర్డుకు అతికించి ఉంది. అది అంతే, పెరగదు. రెండోదాంట్లో 8 జీబీ బోర్డు మీద, పక్కన ఒక ఖాళీ స్లాట్. అందులో ఇంకో 8 గుచ్చితే 16. అప్పట్లో ఆ ముక్క 1,900 రూపాయలు. రెండు ముక్కలు జంటగా పనిచేస్తే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ కూడా చురుగ్గా ఉంటుంది. ఇంటెల్‌లో అయితే కొన్ని ప్రాసెసర్లకు ఒంటి ముక్క ర్యామ్ ఉన్నప్పుడు ఐరిస్ ఎక్స్‌ఈ అనే పేరు కూడా పోయి ఉత్త యూహెచ్‌డీ అని చూపిస్తుంది. ఒక హెచ్చరిక. 2025 చివరి నుంచి మెమొరీ ధరలు బాగా పెరిగాయి. అందుకని, ఇప్పుడు తక్కువతో కొని తర్వాత పెంచుకుంటాననే లెక్క వేసేముందు ఆ ముక్క ఇవాళ ఎంతో అడిగి వేసుకోండి. నా 1,900 మీకు పనికిరాదు.

ఎంత ర్యామ్ చాలు? ఉత్తరాలు, బ్రౌజర్, ట్యాలీ అయితే 8తో నెట్టుకురావచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియోను ఎమ్యులేటర్‌తో కలిపి నడపడానికి 16 ఉండాలని గూగుల్ తానే చెబుతోంది. ఆపిల్ ఏళ్ల తరబడి 8 చాలునని వాదించి, 2024 అక్టోబరులో మ్యాక్‌బుక్ ఎయిర్‌ను 16తో మొదలుపెట్టింది. ఆపిల్ ర్యామ్ తర్వాత పెంచుకునే దారే లేదు. మ్యాక్ మాట వచ్చింది కాబట్టి మన దగ్గర మాత్రమే వచ్చే ఒక చిక్కు చెప్పాలి. తెలుగు డీటీపీ చాలాచోట్ల ఇంకా అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో నడుస్తోంది. ఆ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది 2001లో. ఇక్కడ అవి నడిచేది విండోస్ మీదే. తమ్ముడి కొడుకు అమెరికా నుంచి మ్యాక్ పంపిస్తే, పాపం, ఒక ప్రెస్సాయన దాన్ని సినిమాలు చూడటానికే వాడుతున్నాడు.

ఎస్‌ఎస్‌డీ దగ్గర ఎక్కువ ఆలోచించకండి. 512 జీబీ, ఎన్‌వీఎంఈ రకం ఉంటే చాలు. అది విండోస్‌లో 476 అని కనిపిస్తుంది. షాపువాడు మింగలేదు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో.

గేమింగ్ ల్యాప్‌టాప్ అడిగేవాళ్లకు ఒక్క మాట. గ్రాఫిక్స్ కార్డు పేరు చూసి కొనవద్దు. ఆర్‌టీఎక్స్ 4050ను 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించుకునే వీలు తయారీదారుకు ఉంది. పేరు అదే, పని వేరు. వాట్లు ఎన్నో అడగండి. ఛార్జర్ కూడా చేత్తో ఎత్తి చూడండి, అర కిలో దాటి ఉంటుంది. రెండూ కలిపి మూడు అంతస్తులు రోజూ ఎక్కాలి.

బ్యాటరీకి పన్నెండు గంటలు, పద్నాలుగు గంటలు అని రాసినదాన్ని నమ్మకుండా వాట్-అవర్ అంకె చూడండి. మామూలు పనికి పది వాట్లు తాగే బండికి 50 వాట్-అవర్ బ్యాటరీ ఐదు గంటలొస్తుంది. టైప్-సీ పిన్నుతో ఛార్జయితే మరీ మంచిది, ఛార్జర్ మరిచిపోయిన రోజు పక్క మంచం అమ్మాయిది వాడుకోవచ్చు. టైప్-సీ రంధ్రం ఉన్నంతమాత్రాన ఛార్జ్ అవుతుందని అనుకోవద్దు, అన్నీ కావు. అడగండి.

ధర ఎక్కడ ఉంటుంది

ఎమ్మార్పీ కొట్టేసి పక్కన రాసిన ధర చూసి ఎంత ఆదా అయిందో లెక్కపెట్టుకోవడం మనందరికీ ఉన్న రోగం. ల్యాప్‌టాప్ ఎమ్మార్పీకి అమ్ముడుపోవడం నేనెన్నడూ చూడలేదు. అసలు ధర తెలియాలంటే పూర్తి మోడల్ నంబరు పట్టుకోవాలి. ఒకే పేరు మీద పది రకాలుంటాయి. ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువకు దొరికిందని సంబరపడితే, అది మసక స్క్రీన్ ఉన్న రకం కావచ్చు. డబ్బా పక్కన చిన్న అక్షరాల్లో ఉండే పొడుగాటి కోడ్ ఫొటో తీసుకుని కంపెనీ సైట్‌లో కొట్టండి. లెనోవో వాళ్లు అయితే పీఎస్‌రెఫ్ అని వేరే సైటే నడుపుతున్నారు. అందులో స్క్రీన్ నిట్స్, ఖాళీ స్లాట్, బ్యాటరీ, అన్నీ ఉంటాయి. కోడ్ కలిస్తేనే ధర పోల్చండి. కలవకపోతే మీరు మామిడిపండు ధరను మామిడికాయ ధరతో పోలుస్తున్నట్టు.

'నో కాస్ట్ ఈఎంఐ' గురించి ఒక నిజం. సున్నా శాతం వడ్డీ పథకాలు వద్దని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. అందుకని వడ్డీ అలాగే ఉంచి, దానికి సమానంగా ముందే డిస్కౌంటు ఇస్తారు. 60,000 వస్తువును ఆరు నెలల వాయిదాల్లో, 16 శాతం వడ్డీకి తీసుకుంటే కార్డు మీద వడ్డీ సుమారు 2,700. అది డిస్కౌంటులో సరిపోతుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి, సుమారు 486. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే దాని పన్నుతో కలిపి 235. అంటే కాస్ట్ లేని దానికి కాస్ట్ 721. పెద్ద మొత్తం కాదు, చేతిలో డబ్బు లేనప్పుడు తీసుకోవచ్చు కూడా. కానీ నగదు ఇస్తే ఎంత తగ్గిస్తారో ముందు అడిగి, ఆ తర్వాతే ఈఎంఐ మాట ఎత్తండి. వరస తిరగేస్తే ఆ తగ్గింపు మన కంట పడదు.

ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 59,000 బిల్లులో 9,000 పన్నే. ప్రెస్సో, కన్సల్టెన్సీయో పెట్టుకుని జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు, వ్యాపారం కోసం కొంటున్నప్పుడు, తమ నంబరుతో బిల్లు వేయించుకుంటే ఆ పన్నును కట్టాల్సిన పన్నులో సర్దుకోవచ్చు. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తానన్న షాపతనికి నవ్వి ఊరుకోండి. బిల్లు లేకపోతే వారంటీ గొడవలో మీ చేతిలో ఏమీ ఉండదు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా మొదట అడిగేది బిల్లే. కొన్న రోజే కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఎప్పటినుంచి మొదలైందో చూడండి. షాపులో ఆర్నెల్లు మూలపడి ఉన్న పీస్ అయితే మీ ఏడాదిలో ఆర్నెల్లు అప్పుడే అయిపోయి ఉండొచ్చు. బిల్లు పంపిస్తే సరిచేస్తారు. నాకొకసారి అలాగే జరిగింది. సరిచేశారు కానీ నాలుగు మెయిళ్లు పట్టింది.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాతవి తీసుకోకండి. విండోస్ 11 వాటికి అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది.

పార్క్‌లేన్‌లో ఒక మధ్యాహ్నం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లాం. సీటీసీ అంటే ఎవరైనా చెబుతారు. మెట్ల దగ్గర్నుంచే 'ల్యాప్‌టాపా సార్, చూడండి సార్' అని పిలుపులు. నోట్‌బుక్‌లో ఢీ అంటే ఢీ అన్న ఆ రెండు రైజెన్ మోడళ్లూ ఒకే షాపులో దొరికాయి. అమ్మాయి ఎవరినీ అడక్కుండా తన ఫోన్‌తో నెట్ కలిపి రెండింటి మీదా ఈ-పేపర్ తెరిచింది. షాపు కుర్రాడు ముందు విసుక్కున్నాడు, తర్వాత తనూ వంగి చూశాడు. 15.6 దాని మూత వెనక్కి వంచేసరికి పేపర్ పాలిపోయింది. 14 దానిలో 'రాష్ట్ర' కింది ఒత్తులు విడివిడిగా కనిపించాయి. రంగులు రెండింటిలోనూ అంతంతమాత్రమే. తను ఆ మాట నోట్‌బుక్‌లో రాసుకుంది కూడా.

"అది ఐదు వేలు ఎక్కువ కదా మామయ్యా" అంది నెమ్మదిగా. వాళ్ల నాన్న ఇచ్చిన డబ్బు యాభై వేలు. ఆ మాట నాకు అప్పుడే తెలిసింది. అక్కడే కూర్చుని లెక్కవేశాం. ర్యామ్ ముక్కతో కలిపి రెండోది 54,390, మొదటిదానికంటే 7,400 ఎక్కువ. నాలుగేళ్ల చదువు మీద పరిస్తే నెలకు 154 రూపాయలు. ఉచితం అన్న బ్యాగు, మౌస్ వద్దని చెబితే కుర్రాడు ఓనరును అడిగొచ్చి 600 తగ్గించాడు. ర్యామ్ ముక్క ఈ నెల వద్దు, ఆండ్రాయిడ్ స్టూడియో వచ్చేది రెండో ఏడాదిలో కదా అని తనే తేల్చింది. మిగతాది వాళ్ల అత్త పర్సులోంచి వచ్చింది, నన్ను అడగలేదు.

సీల్ మా ముందే తీయించి, ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో మెమొరీ పేజీ తెరిచి ఇంకో స్లాట్ ఖాళీగా ఉందని చూసుకున్నాం. కీబోర్డు మీద తను ఒక పేరా మొత్తం కొట్టి చూసింది. ఆ పని నేను చెప్పలేదు.

ర్యామ్ ముక్క తర్వాతి జూన్‌లో వేయించింది. నోట్‌బుక్ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. చివరి పేజీకి ఆ బిల్లు పిన్నుతో గుచ్చి ఉంటుంది. పేజీ అడుగున 'గేమ్స్' అన్న మాటను తను కొట్టేసింది. పక్కన వాళ్ల తమ్ముడి చేతిరాతలో 'అన్యాయం' అని ఉంది.